గుహలో పిల్ల, గురువారం కూడిక

ముప్పై ఏళ్లుగా నేనొక అమ్మాయి సంసారం నడుపుతున్నా. ఇంటర్ చదివించా, నర్సు ట్రైనింగ్ ఇప్పించా, ఖమ్మంలో ఉద్యోగం వేయించా, పెళ్లి చేశా, ఇద్దరు పిల్లల్ని కూడా ఇచ్చా. రెండోవాడికి ఉబ్బసం పెట్టింది నేనే, తర్వాత జాలేసి తగ్గించిందీ నేనే. చిక్కల్లా ఒక్కటే. అలాంటి అమ్మాయి భూమ్మీద లేదు.

ఆ సంగతి తెలియని మనిషి నందిగామలో ఒకరున్నారు. రిటైరైన టీచరుగారు, డెబ్బై దాటాయి. నేను జగ్గయ్యపేట నుంచి రోజూ నందిగామ ఎమ్మార్వో ఆఫీసుకి బస్సులో వెళ్లొస్తుంటా. ఆఫీసుకి పోయే వీధిలోనే ఆవిడ ఇల్లు. పొద్దున్నే గేటు దగ్గర కుర్చీ వేసుకుని బెండకాయలో, బీరకాయలో తరుగుతూ కనపడతారు. "వందనాలండి" అంటానో లేదో, "వందనాలమ్మా, ఆ పిల్ల బాగుందా?" అంటారు. నా పిల్లల సంగతి, నా బీపీ సంగతి ఆ తర్వాతే. ఫలానా మనిషి ఫలానా ఊళ్లో ఉన్నాడా లేడా అని విచారించి ధ్రువపత్రాలు రాయడం నా ఉద్యోగం. అలాంటిదాన్ని, రోజూ ఆ గేటు దగ్గర లేని మనిషి క్షేమసమాచారాలు చెప్పి డ్యూటీ ఎక్కుతా.

ఇదంతా ఒక టీవీ గేమ్ వల్ల వచ్చింది. అందులో సగం పాపం మా నాయనమ్మది.

నాకు పన్నెండేళ్లప్పుడు, ఎండాకాలం సెలవుల్లో, మా బాబాయి విజయవాడ నుంచి టీవీ గేమ్ తెచ్చాడు. పేరున్న మిషను కాదు, దాన్ని చూసి ఎవరో చేసిన నకలు. దాంతో పాటు ఒక క్యాసెట్. క్యాసెట్ మీద మోటార్‌సైకిళ్ల బొమ్మ అతికించి ఉంది. తీరా పెడితే లోపల మోటార్‌సైకిలు లేదు సరికదా, సైకిలు కూడా లేదు. కత్తి పట్టుకున్న ఒక బుడ్డోడు, చుట్టూ కొండలు, ఒక వాగు, అడవి. అంతే. ఎటు పోవాలో చెప్పేవాళ్లు లేరు. అంతకుముందు పక్కింట్లో ఆడిన ఆటల్లో మనిషి ఎడమ నుంచి కుడికి పరిగెత్తడమే పని. వీడు ఎటైనా పోవచ్చు, నచ్చకపోతే వెనక్కి కూడా రావచ్చు. మా ఇంట్లో నాకు లేని స్వేచ్ఛ వాడికుంది.

ఆ ఆట ఎంత గొప్పదో అప్పుడు తెలీదు. ఈమధ్య చదివా. దాన్ని తయారుచేసిన జపాన్ ఆయన చిన్నప్పుడు ఊరి వెనక కొండల్లో, గుహల్లో ఒంటరిగా తిరిగేవాడట. ఆ తిరుగుడునే పెద్దయ్యాక ఆటగా మలిచాడట. ఇవాళ పిల్లలు ఆడే పెద్ద పెద్ద ఆటల్లో, నీ ఇష్టం వచ్చినట్టు తిరుగు అని వదిలేస్తారు చూడండి, వాటన్నిటికీ తాత అదేనంటారు. ఇంకో గొప్ప కూడా ఉంది. అసలు క్యాసెట్‌లో చిన్న బ్యాటరీ ఒకటి ఉండేదట. మిషను కట్టేసినా, ఎంతవరకు ఆడామో అది గుర్తుపెట్టుకునేదట. మా క్యాసెట్ చేసిన మహానుభావుడు ఖర్చు కలిసొస్తుందని ఆ బ్యాటరీ పీకేశాడు. స్విచ్ ఆపితే మా బుడ్డోడికి పుట్టుపూర్వోత్తరాలు కూడా గుర్తుండవు, మళ్లీ మొదటి కొండ దగ్గర చేతులూపుకుంటూ నిలబడతాడు.

పేటలో అప్పట్లో పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు కరెంటు కోత. మధ్యలో అమ్మకి సీరియలు, నాన్నకి వార్తలు. ఒక్క ఆదివారం మాత్రం కోత ఉండేది కాదు. ఆదివారం చర్చి ఉంటుంది.

నాయనమ్మ సంగతి చెప్పాలి. చిల్లకల్లు వైపు మిరప చేలల్లో, పత్తి చేలల్లో కూలి చేసి మా నాన్నని బడిపంతులుని చేసిన మనిషి. అక్షరం ముక్క రాదు. బైబిలు వాక్యాలు మాత్రం వినీ వినీ కంఠతా వచ్చేశాయి. టీవీ అంటే సైతాను పెట్టె అని ఆవిడ గట్టి నమ్మకం. నేను ఆడుతుంటే టీవీకి వీపు పెట్టి కూర్చుని చింతపండు గింజలు తీసేది. వీపైతే తిప్పింది గానీ చెవులు తిప్పలేదు కదా, ఒకరోజు ఆట మొదట్లో వచ్చే ఏడుపు సంగీతం విని తల ఇటు తిప్పింది. నల్లటి ఆకారం ఒకటి ఒక పిల్లని ఎత్తుకుపోయి గుహలో పెట్టే బొమ్మ అది.

"ఎవరే ఆ పిల్ల?"

"తెలీదు నాయనమ్మా."

"ఎవరి పిల్లో తెలీకుండానే వెతుకుతున్నావా?"

"ఊ."

"మంచిపనే చేస్తున్నావు," అని చింతపండు పళ్లెంతో సహా ఇటు తిరిగి కూర్చుంది. ఆ తర్వాత మళ్లీ అటు తిరగలేదు.

ఆటలో అక్కడక్కడా గుహల్లో ముసలాళ్లు కనపడి ఏదో చెప్తారు. అది జపాన్ అక్షరాల్లో వస్తుంది. చదువుకున్న మేమంతా ఆ గీతలు చూసి నోరెళ్లబెట్టాం. నాయనమ్మకి మాత్రం ఏ భాషైనా ఒకటే కాబట్టి కంగారు పడలేదు. ముసలాడి వాలకం చూసి చెప్పేసేది. "ముందుకి పోమాక, నీళ్ల పక్కన చూడు అంటున్నాడు." నీళ్ల పక్కన చూస్తే మెట్లుండేవి. అడవిలో ఎటు పోయినా తిరిగి తిరిగి అక్కడికే వస్తున్నామని నేను ఏడుపు మొహం పెడితే, "పత్తి చేలో దారి తప్పితే ఏం చేస్తాం? ఒకటే గట్టు పట్టుకుని పోతాం. మధ్యలో మనసు మార్చుకుంటేనే తప్పిపోయేది," అంది. ఎడమకే పోయా, పోయా, పోయా. అడవి అయిపోయింది. మా నాన్న సుద్దముక్కలు దొంగిలించి గచ్చు మీద ఆవిడ మొత్తం దేశం పటం గీయించింది. పైన చాప పరిచేవాళ్లం. అమ్మ ఒకరోజు చాప తీసి తడిగుడ్డ పెట్టింది. ఉత్తరాన కొండలు, రెండు గుహలు, ఒక వాగు బకెట్లో కలిసిపోయాయి. అత్తాకోడళ్లు రెండ్రోజులు మాట్లాడుకోలేదు. ఎందుకో నాన్నకి ఇప్పటికీ తెలీదు.

అక్కడితో ఆగితే బాగుండేది. ప్రతి గురువారం స్త్రీల కూడిక ఎవరో ఒకరి ఇంట్లో జరిగేది. చివర్లో ప్రార్థన మనవులు చెప్పుకుంటారు. ఒకావిడ కొడుకు ఉద్యోగం, ఒకావిడ మోకాళ్లు, ఒకావిడ గేదె. ఆ వారం మా నాయనమ్మ లేచింది. నెత్తిన కొంగు సర్దుకుని, "ఒక ఆడపిల్లని ఎత్తుకుపోయి చీకటి గుహలో పెట్టారు. విడుదల కోసం అందరూ ప్రార్థన చెయ్యండి," అని కూర్చుంది.

ఎవరూ ఏమీ అడగలేదు. మా వాళ్లలో అదొక మర్యాద. మనవి ఆడపిల్ల గురించైతే పేరడగరు, ఊరడగరు. రేపు ఆ పిల్లకి పెళ్లి కావాలి కదా, పరువు. పేరు దేవుడికి తెలిస్తే చాలు. ఆ ఒక్క మర్యాద వల్ల మా బుడ్డోడి వెతుకులాట టీవీలోంచి బయటపడి ఊరి మీద పడింది.

ఆ రోజు కూడికలో నందిగామ టీచరుగారు కూడా ఉన్నారు. అప్పటికి నలభై ఉంటాయి, పేటలో చెల్లెలింటికి వచ్చారు. ఆవిడ ఆ మనవిని నందిగామ పట్టుకెళ్లారు. అక్కడ శుక్రవారం ఉపవాస ప్రార్థన పెట్టారు. చెల్లెలు చిల్లకల్లు చేరవేసింది. శనివారం మా చర్చి పాస్టరు అయ్యగారు నాన్నని పక్కకి పిలిచి, "మాస్టారూ, ఆ పిల్ల విషయం పోలీస్ కంప్లైంటు ఇద్దామంటారా?" అన్నారు. నాన్న ఏ పిల్లో తెలీకపోయినా, తెలీదంటే బాగుండదని, "చూద్దామండి, తొందరొద్దు," అన్నాడు. దాంతో నాన్నకి అంతా తెలుసని ఖాయమైపోయింది.

నేను నాయనమ్మని వంటింట్లోకి లాక్కెళ్లా. "నాయనమ్మా, అది బొమ్మ. తెలిస్తే నిన్ను కూడికలో నవ్వుతారు," అన్నా.

"పిల్ల చెరలో ఉందా లేదా?"

"ఉంది."

"మరి నేను అబద్ధమేం చెప్పా? ఎక్కడుందని ఎవరన్నా అడిగారా? అడిగితే టీవీలో అని చెప్పేదాన్ని."

మాటైతే అంది గానీ, ఆ రాత్రి ఆవిడకీ నిద్ర సరిగా పట్టలేదు. కూడికలో ఆవిడ మాటకి విలువుంది. నలభై ఏళ్లుగా ఆ విలువే ఆవిడ ఆస్తి. అంతమంది పస్తులుండి ప్రార్థన చేశాక పిల్ల బయటికి రాకపోతే? పైగా ఆ పిల్ల బొమ్మని తెలిస్తే? ఇక మిగిలింది ఒకటే దారి. పిల్లని నిజంగానే విడిపించాలి. వచ్చే గురువారంలోగా. అంటే ఆదివారం, పొద్దున్నుంచి ఏకబిగిన ఆడాలి.

"ఆదివారం దూడ గుంటలో పడితే సోమవారం దాకా ఆగుతామా?" అని నాయనమ్మే తీర్పు చెప్పింది. నాకు కడుపునొప్పి వచ్చిందని కూడా ఆవిడే ఇంట్లో ప్రకటించింది. నేనింకా లేవకముందే వచ్చేసింది ఆ నొప్పి.

ఆ ఆదివారం ప్రత్యేక ఆరాధనని, నాయనమ్మతో సహా అందరూ తెల్లారగానే చర్చికి పోయారు. ఆరున్నరకి మొదలుపెట్టా. పన్నెండుంబావుకి ఆఖరి గుహలో ఆఖరి తలుపు ముందున్నా. అడాప్టరు చెయ్యి పెడితే కాలుతోంది, దాని మీదికి టేబుల్ ఫ్యాను తిప్పా. నా చేతులు చెమటతో జారిపోతున్నాయి. ఇంకొక్క తలుపు. సరిగ్గా అప్పుడు గుమ్మంలో చెప్పుల చప్పుడు. ఆ రోజు వాక్యం చెప్పడానికి నందిగామ టీచరుగారు వచ్చారట, భోజనానికి మా ఇంటికి పిలుచుకొచ్చారు. నేను బుడ్డోణ్ని ఆపి, టీవీ మీద దుప్పటి కప్పేసి, కడుపు పట్టుకుని కూర్చున్నా. దుప్పటి కిందే ఉంది అంతా. భోజనాలయ్యేదాకా ఓపిక పడితే చాలు.

టీచరుగారు విస్తరి ముందు కూర్చోబోతూ ఆగారు. "ముందు చిన్న ప్రార్థన. ఇవాళ ప్రత్యేకంగా ఆ పిల్ల కోసం," అన్నారు. అందరం కళ్లు మూసుకున్నాం. ఆవిడ మళ్లీ కళ్లు తెరిచారు. "ఏదో గుయ్ మంటోందమ్మా. కట్టేసుకుందాం." స్విచ్ బోర్డు ఆవిడ భుజం పక్కనే ఉంది. టక్ మంది.

"ప్రభువా, ఈ క్షణమే ఆ బిడ్డ చెర తలుపులు తెరువు," అని మొదలుపెట్టారు.

నేను కళ్లు తెరిచి చూశా. నాయనమ్మ కూడా ఒక కన్ను తెరిచి మిషను మీద ఆరిపోయిన ఎర్రలైటు వైపు చూస్తోంది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ప్రార్థన అయ్యాక టీచరుగారు నా తల నిమిరి, "చూశారా, ఈ చిన్నబిడ్డకి ఆ పిల్ల కోసం ఎంత భారముందో," అన్నారు. నాకు ఆవిడ చెయ్యి కొరికేయాలనిపించింది. అబద్ధం ఎందుకు, ఇప్పటికీ తల్చుకుంటే కాస్త అనిపిస్తుంది.

సోమవారం బాబాయి ఆ క్యాసెట్ తీసుకెళ్లి షాపులో మార్చి వేరేది తెచ్చాడు. కోతి గెంతే ఆట. పిల్ల గుహలోనే ఉండిపోయింది.

గురువారం వచ్చింది. కూడికకి నాయనమ్మ వెంట నేనూ వెళ్లా. పాటలయ్యాయి, వాక్యం అయ్యింది. పెద్దావిడ ఒకరు, "ఆ పిల్ల సంగతేమైందమ్మా?" అని నాయనమ్మని అడిగారు. ఇరవై మంది ఆడవాళ్లు ఇటు తిరిగారు. నాయనమ్మ చాప వైపు చూస్తూ కూర్చుంది. కూడికలో కూర్చుని అబద్ధమాడదు, ఆడలేదు. నిజం చెప్పడానికి నోరు రావడం లేదు. కొంగు చివర వేలికి చుట్టుకుంటోంది. ఆ వేళ్లు చూసి నాకు ఆగలేదు. లేచి నిలబడి, "వచ్చేసిందండి," అన్నా.

"స్తోత్రం!" అని ఇల్లు దద్దరిల్లింది. ఇద్దరు ముగ్గురు ఏడ్చారు. ఆ కబురు కోసమే నందిగామ నుంచి వచ్చిన టీచరుగారైతే మోకాళ్ల మీద పడిపోయారు.

ఇంటికొచ్చాక నాయనమ్మ నాకు తొడపాశం పెట్టింది. వారం రోజులు నల్లగా ఉంది ఆ మచ్చ. రాత్రి అన్నాలప్పుడు తన పళ్లెంలో కోడికూర ముక్క తీసి నా పళ్లెంలో వేసింది.

అబద్ధానికి అన్నం పెట్టి పెంచడం ఎంత కష్టమో ఆ తర్వాత తెలిసింది. టీచరుగారు కనపడినప్పుడల్లా అడిగేవారు. చదువుకుంటోందా? చదువుకుంటోందండి. ఏం చదువు? నర్సు. పెళ్లయిందని ఒకసారి నోరు జారా. మర్నాడే స్టీలు బిందె కొన్నారు. దాని మీద పేరు చెక్కించాలి కదా, "ఇన్నేళ్లూ అడగలేదు, ఇప్పుడు చెప్పమ్మా, ఏం పేరు?" అన్నారు. "వద్దండి, అత్తింటి వాళ్లకి పాత సంగతి తెలీదు," అన్నా. ఆవిడ నొచ్చుకోకపోగా మెచ్చుకున్నారు. బిందె మీద 'దేవుని బిడ్డకి' అని చెక్కించారు. అది మా వంటింట్లో ఉంది. మంచినీళ్లు దాన్లోనే పోసుకుంటాం.

చాలాసార్లు చెప్పేద్దామనుకున్నా. కానీ చెప్తే స్విచ్ సంగతి కూడా వస్తుంది. పిల్ల కోసం పస్తులున్న మనిషే పిల్ల మీద తలుపు వేసిందని ఏ మొహంతో చెప్పను? నాయనమ్మ పోయేముందు, మాట సరిగా రాని రోజుల్లో, ఒకసారి నా చెయ్యి పట్టుకుని, "ఆ పిల్ల సంగతి చూడవే," అంది. చుట్టూ ఉన్నవాళ్లు మా చెల్లి సంబంధం గురించనుకున్నారు.

మొన్న వేసవిలో మా అమ్మాయి నా ఫోన్‌లో పాత ఆటలు ఎక్కించింది. ఒకటి నొక్కితే ఆ ఏడుపు సంగీతం. నల్లటి ఆకారం. పిల్ల. నా చేతులు ముప్పై ఏళ్ల కిందటిలాగే చెమట పట్టాయి. ఈసారి ముసలాళ్లు ఇంగ్లీషులో మాట్లాడుతున్నారు. మా నాయనమ్మ చెప్పిన అర్థాలన్నీ తప్పు, ఒక్కటీ కలవలేదు. చెప్పిన దారులు మాత్రం అన్నీ సరైనవే. ఎక్కడికక్కడ ఆపితే అక్కడే గుర్తుపెట్టుకుంటోంది ఫోను. రోజూ పేట నుంచి నందిగామ దాకా బస్సులో ఆడా. అడవిలో ఎడమకే పోయా. ఇరవై రోజులు పట్టింది. చిల్లకల్లు దాటాక, ఒక పొద్దున, ఆఖరి తలుపు తెరుచుకుంది. పిల్ల బయటికొచ్చింది. పెద్దగా ఏమీ లేదు, రెండడుగులు వేసి చేతులు పైకెత్తింది. నేను బస్సులో కళ్లు తుడుచుకుంటుంటే కండక్టరు, "మేడం, ఏమన్నా కబురొచ్చిందా?" అన్నాడు. "వచ్చిందండి," అన్నా.

బస్టాండులో దిగి తిన్నగా టీచరుగారి గేటు దగ్గరికి పోయా. ఆవిడ గోరుచిక్కుళ్లు తుంచుతున్నారు. "వందనాలమ్మా, ఆ పిల్ల..." అంటుండగానే ఎదురుగా మెట్టు మీద కూర్చుని మొత్తం చెప్పేశా. టీవీ గేమ్, నాయనమ్మ, బొమ్మ, కడుపునొప్పి, ఖమ్మం, ఉబ్బసం, బిందె. స్విచ్ ఒక్కటి చెప్పలేదు. అడాప్టరు కాలిపోయిందన్నా. ఫోన్‌లో బొమ్మ చూపించి, "ఇదిగోండి, ఇవాళ పొద్దున బయటికొచ్చింది," అన్నా. తిడతారని తల వంచుకున్నా. నవ్వుతారేమోనని ఆశ కూడా ఉంది.

ఆవిడ కళ్లజోడు సర్దుకుని ఆ బొమ్మని చాలాసేపు చూశారు. చేతులెత్తి నిలబడ్డ పిల్లని. గోరుచిక్కుళ్లు ఒళ్లోంచి జారి కింద పడ్డాయి.

"అయితే ఈ ముప్పై ఏళ్లూ ఆ పిల్ల లోపలే ఉందా?" అన్నారు. "నువ్వు వచ్చేసిందన్నావని నేను ప్రార్థన మానేశానే."

నేను కింద పడ్డ గోరుచిక్కుళ్లు ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టా. ఆవిడే నా చెయ్యి పట్టుకున్నారు. "పోనీలే, వచ్చింది కదా. రా, దేవుడికి స్తుతి చెప్పుకుందాం. అది గుయ్ మంటోంది, కట్టేద్దాం," అంటూ ఫోను వైపు వేలు చాచారు.

ఫోను వెనక్కి లాక్కోబోయా. తర్వాత ఫోను ఆవిడ చేతికే ఇచ్చి, ఎక్కడ నొక్కాలో చూపించి, ఆవిడనే కట్టెయ్యనిచ్చా.